పసివారి చదువును కొలుచుట

విజయనగరము, శ్రీకాకుళము సీమలలో పుట్టిన వ్యావహారిక భాషావాదము ఒక దశలో పరీక్షా పత్రమును గూర్చిన వివాదముగానే ముదిరినదని చాలమందికి గుర్తు ఉండదు. 1911 మొదలు 1915 వరకు మదరాసు రాజధానిలో జరిగిన తర్జనభర్జనలన్నీ ఒక చిన్న ప్రశ్న చుట్టు తిరిగినవి. స్కూలు ఫైనలు విద్యార్థి, ఇంటర్మీడియేటు విద్యార్థి పరీక్షలో వ్యాసమును ఏ తెలుగులో వ్రాయవచ్చును? శిష్టులు మాట్లాడే తెలుగులో వ్రాస్తే మార్కులు ఇవ్వవలెనా, కొట్టివేయవలెనా? గురజాడ అప్పారావుగారు తమ అసమ్మతి పత్రమును మదరాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించినది 1914లో, ఈ సందర్భముననే. వ్యావహారికమునకు అనుమతి ఒకసారి వచ్చినది, కొద్దికాలములోనే పోయినది. ఆ జయాపజయముల సంగతి అందరు ఎరిగినదే. దాని అడుగున ఉన్న ప్రశ్న మాత్రము ఇంకను తీరలేదు. ఒకనికి విషయము తెలిసియుండి, కాగితము కోరిన మాటలలో చెప్పలేకపోతే, లోపము వాని చదువులో ఉన్నదా, కాగితములో ఉన్నదా?

ఆనాడు వాదించుకొన్నవారు మీసములు మొలుస్తున్న విద్యార్థులను గూర్చి వాదించుకొన్నారు. ఈ ప్రసంగమునకు విషయము అంతకంటే చిన్నవారు. ఎనిమిదేండ్లు నిండనివారు, పలకమీద అక్షరము దిద్దుకొనే వారు, బడికి రమ్మంటే అమ్మ కొంగు పట్టుకొనేవారు. వీరికి చదువు వచ్చినదో రాలేదో తెలుసుకొనవలసినదే. తెలుసుకొనకుండ పై తరగతికి తోసివేస్తే, అయిదవ తరగతిలో రెండవ తరగతి వాచకము చదవలేక తల దించుకొని కూర్చుండే పిల్లలు తయారవుతారు. వారిలో చాలమంది బడి మానివేసేది కూడ ఆ సిగ్గుతోనే. కనుక కొలవవలెనా వద్దా అన్నది ప్రశ్న కాదు. అందరికీ ఒకే కాగితము, ఒకే గంట, ఒకే జవాబుల పట్టిక పెట్టి కొలిచే పద్ధతి పసివారి విషయములో పనికివస్తుందా, రాకపోతే దానికి బదులేమి అన్నదే ప్రశ్న.

కాగితములో ఒక కంకి బొమ్మ వేసి, దీని పేరు వ్రాయుము అని అడిగినారనుకొనండి. జవాబుల పట్టికలో రాగులు అని ఉన్నది. శ్రీకాకుళము జిల్లా పిల్ల చోళ్లు అని వ్రాస్తుంది. పొద్దున చోడంబలి త్రాగి వచ్చిన పిల్ల అది. ఆ గింజను విత్తుట, నాటుట, కోయుట, దంచుట అన్నీ చూచినది. దానికి సున్న. బస్తీలో పెరిగి, ఆ కంకిని ఎన్నడూ చూడక, పుస్తకములోని బొమ్మ క్రింద ఉన్న మాటను బట్టీ పట్టినవానికి ఒక మార్కు. త్వరగా అన్న మాటకు అర్థము అడిగితే బేగి అని వ్రాసిన పిల్లవానికి కూడ ఇదే గతి. దిద్దే ఉపాధ్యాయుడు ఇక్కడివాడైతే నవ్వుకొని మార్కు వేస్తాడు. ఎక్కడో కూర్చుండి వేలకొలది కాగితములు దిద్దేవానికి, అంతకంటె దిద్దే యంత్రమునకు, ఆ నవ్వు ఉండదు.

ఇది మాటల సంగతి. అంకెల సంగతి ఇంకను విచిత్రము. లెక్కకు భాషతో పనిలేదు, రెండును రెండును ఎక్కడైనా నాలుగే అని సాధారణముగా అంటారు. సవర భాషలోని సంప్రదాయ సంఖ్యాపదములను చూచినవారు ఆ మాట అంత ధైర్యముగా అనలేరు. తెలుగు పది దగ్గర ఆగి మరల మొదలు పెడుతుంది. సవర భాష పన్నెండు వరకు పోయి ఆగుతుంది. పదమూడు అంటే తెలుగులో పదియు మూడును, సవరలో పన్నెండును ఒకటియు. పందొమ్మిది అంటే పన్నెండును ఏడును. ఇరువది వచ్చేసరికి దానికి వేరే మాట ఉన్నది, అక్కడినుండి లెక్క ఇరువదుల మీద నడుస్తుంది. ముప్పది మూడును సవరలో చెప్పవలెనంటే ఇరువది, పన్నెండు, ఒకటి అని చెప్పవలెను.

ఇప్పుడు రెండవ తరగతి లెక్కల కాగితము చూడండి. 33ను విడదీసి వ్రాయుము అని అడుగుతారు. జవాబుల పట్టికలో 30 + 3 అని ఉంటుంది. ఇంటిలో తాత నోట సవర లెక్క విని పెరిగిన పిల్ల 20 + 12 + 1 అని వ్రాసినదనుకొనండి. కూడి చూస్తే ముప్పది మూడే. ఆ పిల్ల చేసినది తప్పు కాదు సరికదా, మూడు భాగములుగా విడదీసినది కనుక కొంచెము ఎక్కువే చేసినది. కాని కాగితము దానిని తప్పు అంటుంది. ఆ పిల్లకు స్థానవిలువ రాలేదని పట్టికలో ఎక్కుతుంది. స్థానవిలువ రాకపోయి ఉండవచ్చును కూడ, పది గుంపులుగా కట్టుట ఆ పిల్లకు నేర్పవలసియే ఉండవచ్చును. అయితే నేర్పేవానికి తెలియవలసినది ఆ పిల్లకు లెక్క రాదని కాదు, ఆ పిల్లకు వేరొక లెక్క వచ్చునని. చింతపిక్కలు కుప్ప పోసి, ఎదురుగా కూర్చుండి, లెక్కపెట్టు అమ్మా అని అడిగినవానికి ఈ సంగతి రెండు నిమిషములలో తెలుస్తుంది. కాగితమునకు ఎన్ని ఏండ్లకూ తెలియదు.

తెలుగు పల్లెలలో మాత్రము అందరూ పదులతోనే లెక్కపెడతారా? మామిడికాయలు పుంజీలతో లెక్కపెట్టే అవ్వ వద్ద పెరిగిన మనుమడు అయిదు పుంజీలు ఇరువది అని ఎక్కము రాకముందే ఎరుగును. వామనగుంటలు ఆడే పిల్ల గింజలు చేతిలోనికి తీసుకొనకముందే చివరి గింజ ఏ గుంటలో పడుతుందో చూచుకొంటుంది. అందులో కూడిక ఉన్నది, తీసివేత ఉన్నది, ముందుచూపు ఉన్నది. ఆట ముగిసి బడిలో కూర్చున్న తరువాత అదే పిల్లను 7 + 5 ఎంత అని నల్లబల్ల మీద వ్రాసి అడిగితే నోరు విప్పదు.

సవరల ప్రస్తావన వచ్చినప్పుడు గిడుగు వెంకట రామమూర్తిగారి పని గుర్తుకు రాక మానదు. 1863లో శ్రీకాకుళమునకు దగ్గరనున్న పర్వతాలపేటలో పుట్టి, విజయనగరములో చదువుకొని, 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడుగా చేరినారు. ఆ చుట్టుపట్ల కొండలలోని సవరలకు చదువు చెప్పవలెనని సంకల్పించినప్పుడు వారు మొదట చేసినది వాచకము వ్రాయుట కాదు, పరీక్ష పెట్టుట అంతకంటె కాదు. సవర బాగుగా వచ్చిన ఒకనిని ఇంటిలో ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. తెలుగుకు ద్రావిడ భాషలతో చుట్టరికము, సవరకు ముండా భాషలతో చుట్టరికము. ధ్వనులు వేరు, వాక్యము నడిచే తీరు వేరు. చెవితో పట్టుకొని, వ్రాసుకొని, సవరలకు చదివి వినిపించి దిద్దుకొనవలసిన పని. ఆ తరువాతనే సవరలో వాచకములు వ్రాసినారు, కథలు, పాటలు సేకరించినారు, సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములు ఇచ్చి సవరలోనే చదువు చెప్పించినారు. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడినది, నిఘంటువు 1938లో.

ఈ కథను భాషాసేవగా చెప్పుకొనుట పరిపాటి. బాలవిద్య వైపునుండి చూచినవారికి ఇందులో మరొకటి కనబడుతుంది. పిల్లవానికి ఏమి వచ్చునో తెలుసుకొనవలెనంటే పెద్దవాడు ముందు నేర్చుకొనవలసినది కొంత ఉన్నదని గిడుగువారు గ్రహించినారు. తెలుగులో అడిగితే సవర పిల్ల మౌనముగా నిలబడుతుంది. ఆ మౌనమును మందబుద్ధి అని వ్రాసుకొనుట తేలిక. ఆ తేలికైన పని వారు చేయలేదు. మన్యములో తిరిగినందుకు మలేరియా వచ్చినది. దానికి వాడిన క్వినైను వలన చెవుడు వచ్చి జీవితాంతము ఉండిపోయినది. సవరల మాట వినుటకు పోయినవాడు వినికిడి పోగొట్టుకొన్నాడు.

వారి ప్రయత్నమునకు కొనసాగింపు చాల ఆలస్యముగా వచ్చినది. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధన మొదలుపెట్టినది. సవర, కొండ, కువి భాషలు అందులో చేరినవి. మొదటి తరగతిలో ఇంటి భాష, క్రమముగా తెలుగు అన్నది పద్ధతి. బోధన సవరలో జరిగి పరీక్ష తెలుగులో జరిగితే మరల మొదటికి వచ్చినట్లే కనుక, ఆ రెండును కలిసి నడవవలెను.

పూర్వము వీధిబడిలో ఇట్టి బాధ లేదని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. వీధిబడిని గూర్చి తెలుగువారికి దొరికిన మంచి సాక్ష్యము బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో వ్రాసిన నివేదిక. తెలుగు, కన్నడము కలిసి నడిచిన ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అందులో లెక్క ఉన్నది. ఉదయము అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి అని వ్రాసేవారట. రెండవవానికి సున్న చుట్టేవారు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పైన వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. ఇసుకలో వ్రేలితో దిద్దించుట, పై తరగతివాడు క్రింది తరగతివానికి చెప్పుట, పంతులు ఒక్కొక్కనిచేత అప్పగింపించుకొనుట, ఇవన్నీ అందులో ఉన్నవి. ఏడాది చివర అందరికీ ఒకే పరీక్ష అన్నది లేదు. ఎవరి పాఠము వారిది, వచ్చినవాడు ముందుకు పోయేవాడు. ఇది నిజముగా మెచ్చదగినది. కాని అదే కాంబెల్, పిల్లలు వల్లించే పద్యముల అర్థము వారికి తెలియదని, చెప్పేవారికే తెలియదని కూడ వ్రాసినాడు. అప్పగింపు వినుటకు, అర్థమైనదో లేదో వినుటకు చాల భేదము ఉన్నది. పైగా ఆ అరుగు మీదికి రానిచ్చిన కులములు కొన్నే. వీధిబడిని పొగిడేవారు అరుగు క్రింద నిలబడిపోయినవారిని కూడ లెక్కలో వేసుకొనవలెను.

దాని తరువాత వచ్చినది ఫలితముల గ్రాంటు. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించి, ఎందరు గట్టెక్కితే అంత డబ్బు బడికి ఇచ్చే ఏర్పాటు అది. ఇంగ్లండులో 1862లో స్థిరపడినది, మదరాసు రాజధానిలోను నడిచినది. పంతులు కూడు పిల్లల జవాబు మీద ఆధారపడినప్పుడు ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. ఇంగ్లండులో స్వయముగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డు ఇది చదువును యంత్రముగా మారుస్తున్నదని తన నివేదికలలో మొరపెట్టినాడు. 1904లో భారత ప్రభుత్వపు విద్యావిధాన తీర్మానము పరీక్షలకు మితిమీరిన ప్రాధాన్యము వచ్చినదని ఒప్పుకొన్నది. అదే కాలమున ఉత్తరపు జిల్లాలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్సు తరగతులలో కూర్చుండి విని, పిల్లల నోటి తెలుగుకు పుస్తకపు తెలుగుకు అంత దూరమెందుకని అడిగినాడు. ఆ ప్రశ్న గిడుగువారిని, గురజాడవారిని చేరి ఎంత పని చేసినదో మొదట చెప్పిన వివాదమే సాక్ష్యము. తనిఖీకి వచ్చినవాడు లెక్కపెట్టుట మాని వినుట మొదలుపెడితే ఇంత జరుగును.

చట్టము ఇప్పుడు పసివారి పక్షముననే ఉన్నది. 2009నాటి విద్యాహక్కు చట్టము, పిల్లల అవగాహనను నిరంతరముగాను, సమగ్రముగాను చూడవలెనని, ప్రాథమిక విద్య పూర్తి అయ్యేవరకు బోర్డు పరీక్ష పెట్టరాదని చెప్పినది. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల పరీక్షలకు దారి తెరచినది కాని, అంతకంటె చిన్నవారి జోలికి పోలేదు. మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల పిల్లల కొరకు 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ఈ వయస్సున పరీక్షలు తగవని, పిల్లవానిని గమనించుట, పిల్లవాడు చేసిన పనిని పరిశీలించుట అన్న రెండు మార్గములు చాలునని చెప్పినది. దేశము మొత్తము మీద మూడవ తరగతి పిల్లల చదువు ఎట్లున్నదో తెలుసుకొనుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము జరిపిన అధ్యయనములో కూడ ఇరువది భాషలలో, ఒక్కొక్క పిల్లను ఎదుట కూర్చోబెట్టుకొని నోటితోనే చదివించి, అడిగి చూచినారు.

ఆచరణ వేరు. నిరంతర మూల్యాంకనము అన్న పేరుతో చాల బడులలో జరిగినది ఏడాదికి ఒక పరీక్షకు బదులు నాలుగైదు పరీక్షలు పెట్టుట. పేరు మారినది, కాగితము మారలేదు. గమనించుటకు ఇచ్చిన పట్టికలు నింపుటలో ఉపాధ్యాయునికి గమనించే తీరిక పోయినది. ఇందుకు ఉపాధ్యాయుని నిందించుట న్యాయము కాదు. అయిదు తరగతులకు ఒకరో ఇద్దరో ఉన్న బడిలో, ముప్పది మంది పిల్లలను ఒక్కొక్కరినీ విని వ్రాయుమని చెప్పి, వారి చేతికి ఇంకొక రిజిస్టరు ఇస్తే ఏమవుతుంది?

ఈ చిక్కుకు ఆంధ్రదేశములోనే ఒక మార్గము వెదకినవారు ఉన్నారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమున పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల ఏకోపాధ్యాయ పాఠశాలల కొరకు ఒక పద్ధతిని రూపొందించినారు. వాచకమును విప్పి చిన్న చిన్న అట్టలుగా చేసినారు. ఆ అట్టలన్నీ వరుసగా ఒక నిచ్చెన మీది మెట్లు. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో గోడమీది పటములో చూచుకొని, ఆ గుర్తుగల అట్టను తానే తెచ్చుకొంటాడు. కొన్ని అట్టలు కొత్త సంగతి చెప్పేవి, కొన్ని అభ్యాసము చేయించేవి, కొన్ని వచ్చినదో లేదో చూచేవి. వచ్చిన పిల్ల ముందు మెట్టుకు పోతుంది, రానిపిల్లకు మరల అదే సంగతిని వేరొక విధముగా చెప్పే అట్ట ఉన్నది. నాలుగు రోజులు పొలము పనికో జ్వరముతోనో రాని పిల్ల తిరిగి వచ్చి ఆగినచోటనే మొదలుపెడుతుంది. తప్పుట అన్న మాటయే ఆ నిచ్చెనలో లేదు. చూచే పని చదువులోనే కలిసిపోయినది కనుక ఉపాధ్యాయునికి వేరే పరీక్ష పెట్టే బరువు లేదు. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కృత్యాధార బోధన అన్నవి దీనినుండి ప్రేరణ పొందినవే. నిచ్చెన మెట్లే లక్ష్యమై, అట్టలు పూర్తిచేయుటే చదువైపోయే అపాయము ఇందులోను లేకపోలేదు. మంచి ఉపాధ్యాయుడు లేనిచోట అట్ట కూడ కాగితమే.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మరొకటి ఉన్నది. అది అన్నిటికంటె బరువైనది. పరీక్ష కాగితము మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. దిద్దేవానికి పిల్లవాని ఇల్లు తెలియదు, కులము తెలియదు, తండ్రి ఎవరి పొలములో పాలేరో తెలియదు. పంతులు చూచి వ్రాసినదే ప్రమాణమైతే, ఆ పంతులు మనసులో ముందే ఒక అభిప్రాయము ఉంటే బీదపిల్ల గతి ఏమి? అరుగు క్రింద తరములు నిలబడినవారు అడిగే ప్రశ్న ఇది. పరీక్షను విడువుమనేవారు దీనికి జవాబు చెప్పకుండ ముందుకు పోరాదు.

జవాబు ఒకటే కనబడుతున్నది. పంతులు అభిప్రాయము కాక, పిల్ల చేసిన పని మిగలవలెను. ఆషాఢములో వ్రాసిన పేజీ, సంక్రాంతికి వ్రాసిన పేజీ, వేసవికి ముందు వ్రాసిన పేజీ, తేదీలతో ఒకే సంచిలో ఉంటే, చదువురాని తల్లి కూడ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొంటుంది. గీతలు అక్షరములైనవో లేదో, అక్షరములు మాటలైనవో లేదో చూచుటకు పండితులు అక్కరలేదు. చెప్పిన కథను పిల్ల మాటలలోనే వ్రాసియుంచితే, ఆరు నెలల తరువాత అదే కథ ఎంత పెరిగినదో తెలుస్తుంది. న్యూజిలాండులో చిన్నపిల్లల బడులలో ఉపాధ్యాయులు ఒక్కొక్క పిల్లను గూర్చి చిన్న చిన్న కథనములు వ్రాసి ఇంటికి పంపుతారు. ఈ రోజు మీ పిల్ల ఇది చేయబోయి, ఇక్కడ ఆగి, ఇట్లు దాటినది అని. ఇంటివారు దానికి బదులు వ్రాయవచ్చును. ఇద్దరు చూచినది ఒకచోట చేరితే ఒకరి పక్షపాతము సాగదు. ఇక్కడ తల్లి వ్రాయలేకపోతే చెప్పవచ్చును, వ్రాసేవారు వ్రాయవచ్చును.

ఆ వ్రాసేవారు ఎవరు అన్నప్పుడు గ్రామ గ్రంథాలయము వంతు వస్తుంది. బడిలో ఉపాధ్యాయుడు ఒక్కడే. సాయంకాలము గ్రంథాలయములో పత్రికలు చదివే పెద్దలు, కాలేజీనుండి వచ్చిన యువకులు, ఉద్యోగములు విరమించి ఊరు చేరినవారు పదిమంది ఉంటారు. ఆదివారము ఒక గంట పిల్లల గంటగా పెట్టి, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చదివించుకొంటే ఇరువది మంది మాట వినబడుతుంది. బల్ల మీద మార్కుల పట్టిక ఉండరాదు, బెత్తము అసలే ఉండరాదు. ఉండవలసినది పిల్లకొక చిన్న నోటు పుస్తకము. అందులో నాలుగు గళ్లు. తేదీ. చదివిన పుస్తకము పేరు. చదువుతూ ఎక్కడ ఆగినది, ఏ అక్షరము దగ్గర, ఏ మాట దగ్గర. పుస్తకము మూసిన తరువాత కథను తిరిగి ఏమని చెప్పినది. ఈ నాలుగవ గడిలో పెద్దలు తమ తెలుగులోనికి దిద్ది వ్రాయరాదు. పిల్ల బేగి అంటే బేగి అనియే వ్రాయవలెను. సవర మాట వచ్చి, వ్రాసేవానికి అది తెలియకపోతే, తెలిసినవారిని అడిగి వ్రాయవలెను. ఆ పుస్తకము నెలకొకసారి బడికి పోయి ఉపాధ్యాయుని చేతిలో పడి, తిరిగి వచ్చేటప్పుడు ఇంటిలో ఒక రాత్రి ఉండి రావలెను.